ఆరు చోట్ల లింకులు పెడుతున్నా నా సైటుకు ఎవరూ రావడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: ఇంట్లో వాడే కుట్టు మిషన్ల గురించి ఒక చిన్న వెబ్‌సైటు నడుపుతున్నాను. సూది ఎందుకు విరుగుతుంది, దారం ఎందుకు తెగుతుంది, ఆయిల్ ఎక్కడ వేయాలి లాంటి చిన్న చిన్న సమస్యలు ఇంట్లోనే ఎలా సరిచేసుకోవచ్చో రాస్తుంటాను. 14 నెలల్లో 62 వ్యాసాలు రాశాను. కొత్తది రాసిన ప్రతిసారీ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్, పింటరెస్ట్, యూట్యూబ్, వాట్సాప్ ఛానెల్, ఈ ఆరింటిలోనూ లింకు పెడతాను. లైకులు వస్తాయి, అవీ తెలిసినవాళ్లవే. సైటుకు మాత్రం రోజుకు పది పదిహేను మంది వస్తే ఎక్కువ, గణాంకాల్లో వాళ్లు కూడా ఎక్కువగా "డైరెక్ట్" అనే కనిపిస్తున్నారు. డబ్బు పెట్టి ప్రచారం చేయించమని కొందరు, ఫాలోవర్లను కొనుక్కోమని ఇంకొందరు సలహా ఇస్తున్నారు. ఇంత చిన్న సైటుకు సోషల్ మీడియా అసలు పనికొస్తుందా, మానేయమంటారా? (ఒక పాఠకురాలు)

జవాబు: మానేయకండి. సోషల్ మీడియా అవసరం మీలాంటి చిన్న సైటుకే ఎక్కువ, ఎందుకంటే పెద్ద సైట్లను జనం పేరుపెట్టి వెతుక్కుంటూ వెళ్తారు, మీ సైటు ఒకటుందని మాత్రం ఎవరో ఒకరు వాళ్లకు చెప్పాలి. అయితే ఆరు చోట్లా ఒకే లింకు అతికించి వచ్చేసే పద్ధతిని ఇవాళే ఆపేయండి. దానివల్ల మీ టైమ్ పోవడం తప్ప ఏమీ జరగడం లేదు, పైగా రాయాలనే ఉత్సాహం కూడా పోయేలా ఉంది, మీ ఉత్తరం చదువుతుంటే అది తెలుస్తోంది, నాకు బాధగా అనిపించింది.

మీరిచ్చిన అడ్రసు పట్టుకుని నిన్న సాయంత్రమంతా మీ సైటు చదివాను. బాగుందని మొహమాటానికి అనడం లేదు. గుడ్డ అడుగున దారం ఉండలు కట్టడం గురించి మీరు రాసిన వ్యాసమే తీసుకోండి. కుట్టు కింది వైపు దారం పిచ్చుక గూడులా చుట్టుకుపోతే ఎవరైనా ముందు బాబిన్ (అడుగు దారం చుట్టి ఉండే చిన్న రీలు) మీద పడతారు, దాన్ని తీసి, తుడిచి, మళ్లీ చుట్టి, మళ్లీ పెట్టి అరగంట గడిపేస్తారు. మీరేమో తప్పు చాలాసార్లు పైదారంలో ఉంటుందని చెప్పారు. దారం ఎక్కించేటప్పుడు ప్రెషర్ ఫుట్ (గుడ్డను నొక్కి పట్టే పాదం) కిందికి దించి ఉంటే, దారాన్ని బిగువుగా పట్టే పైనున్న టెన్షన్ బిళ్లలు రెండూ బిగుసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యలోకి దిగదు, దాన్ని పట్టి ఉంచేదేమీ లేక వదులుగా కిందికి జారి ఉండలు కడుతుంది, కాబట్టి ఫుట్ పైకెత్తి మొదటి నుంచి దారం మళ్లీ ఎక్కించండి అని రెండు ఫొటోలతో చూపించారు. ఈ ఒక్క ముక్క తెలియక మిషన్ పాడైందనుకుని మూలన పెట్టేసిన వాళ్లు ఎంతమంది ఉంటారో!

ఇప్పుడు ఇదే వ్యాసం కోసం మీరు ఫేస్‌బుక్‌లో పెట్టిన పోస్టు చూడండి. "కొత్త వ్యాసం: కుట్టు మిషన్ సంరక్షణ, 27వ భాగం. చదివి అభిప్రాయం చెప్పండి, షేర్ చేయండి." దాని కింద లింకు. అంతే. బొటనవేలితో స్క్రోల్ చేసుకుంటూ పోయే మనిషికి ఇందులో ఆగాల్సిన పనేముంది? 27వ భాగం అనగానే ముందు 26 చదవాలేమో అనుకుంటుంది. దారం ఉండలు కట్టి విసిగిపోయి కూర్చున్న ఆవిడ ఈ పోస్టు చూసినా అది తన కోసమేనని గుర్తుపట్టలేదు, ఎందుకంటే ఆవిడ కష్టం ఆ పోస్టులో ఒక్క మాటలో కూడా లేదు.

అదే ఇలా రాసి ఉంటే? "కుట్టు పైన చక్కగా ఉంది, తిప్పి చూస్తే అడుగున దారం ఉండలు ఉండలుగా ఉందా? బాబిన్ జోలికి వెళ్లకండి. ప్రెషర్ ఫుట్ పైకెత్తి, పైదారం మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించండి. చాలాసార్లు దీంతోనే సరిపోతుంది." దీనికి తోడు ఉండలు కట్టిన గుడ్డ ఫొటో ఒకటి, దగ్గరగా తీసింది, దారం చిక్కు కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించేది. చివర్లో "ఇలా చేసినా తగ్గకపోతే చూడాల్సిన మిగతా మూడు చోట్లు ఫొటోలతో ఇక్కడ పెట్టాను" అని లింకు. జవాబు పోస్టులోనే ఇచ్చేయండి. చాలామంది దీనికి భయపడతారు, అంతా ఇక్కడే చెప్పేస్తే సైటుకు ఎందుకొస్తారని. వస్తారండీ. చెప్పింది చేసి చూసి పని జరిగినవాళ్లు ఈవిడకు విషయం తెలుసు అని నమ్ముతారు, తర్వాత సూది విరిగినప్పుడు మిమ్మల్నే వెతుక్కుంటారు. పని జరగనివాళ్లు మిగతా మూడు చోట్లు చూడటానికి అప్పుడే లింకు నొక్కుతారు. సగం చెప్పి మిగతాది దాచిపెట్టి రప్పించాలని చూస్తే మాత్రం ఒకసారి వచ్చి, విసుక్కుని, మళ్లీ రారు.

ఇంకో సంగతి మీరు గమనించాలి. ఈ వేదికలేవీ జనాన్ని బయటికి పంపడానికి పెట్టినవి కావు, మనిషి తమ యాప్‌లో ఎంతసేపు ఉంటే వాటికి అంత ప్రకటనల ఆదాయం. అందుకే లింకుల మీద ఏదో ఒక కట్టడి ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్ పోస్టు కింద రాతలో మీరు పెట్టే లింకు నొక్కితే తెరుచుకోదు, అది ఉత్తి అక్షరాలు, మీరు 14 నెలలుగా అక్కడ పెట్టిన లింకులన్నీ అలాగే పడి ఉన్నాయి. పనిచేసేవి ప్రొఫైల్‌లో పెట్టే లింకులు (2023 ఏప్రిల్ నుంచి ఐదు దాకా పెట్టుకోవచ్చు), స్టోరీల్లో అతికించే లింక్ స్టిక్కర్. ఆ స్టోరీ లింకు ఒకప్పుడు 10,000 మంది ఫాలోవర్లు ఉన్నవాళ్లకో వెరిఫైడ్ ఖాతాలకో మాత్రమే దొరికేది, 2021 అక్టోబరు నుంచి అందరికీ ఇచ్చారు, కానీ స్టోరీ 24 గంటల్లో మాయమైపోతుంది. యూట్యూబ్ షార్ట్స్‌లో అయితే వివరణలోనూ కామెంట్లలోనూ పెట్టే లింకులు 2023 ఆగస్టు 31 నుంచి నొక్కడానికి వీల్లేకుండా చేశారు. ఫేస్‌బుక్ 2018 జనవరిలో ఫీడ్‌ను మార్చి, పేజీల పోస్టులను తగ్గించి స్నేహితులు, బంధువులు పెట్టేవాటికి ముందు చోటు ఇవ్వడం మొదలుపెట్టింది, దాంతో పేజీలో పెట్టిన లింకు ఫాలోవర్లలోనే చాలామందికి కనిపించకుండా పోయింది. ఎక్స్ యజమాని అయితే 2024లో బాహాటంగానే చెప్పాడు, అసలు పోస్టులో విషయం రాసి, లింకును కింద రిప్లైలో పెట్టుకోమని.

ఇవన్నీ చూసి దిగులుపడక్కర్లేదు, ఆరింటినీ నెత్తిన పెట్టుకోవాల్సిన అవసరం లేదని చెప్పడానికే ఇంత చెప్పాను. మీరు ఒక్కరే, రోజుకు మిగిలేది ఏ గంటో. రెండు చోట్లు ఎంచుకోండి. మీ విషయానికి నేనైతే పింటరెస్ట్, ఫేస్‌బుక్ గ్రూపులు తీసుకుంటాను. మిగతా నాలుగు ఖాతాలు మూసేయక్కర్లేదు, ప్రొఫైల్‌లో సైటు అడ్రసు సరిగ్గా ఉందో లేదో చూసి వదిలేయండి.

పింటరెస్ట్ ఎందుకంటే, అక్కడికి జనం కబుర్లకు రారు, ఏదో చేసుకుందామని వెతుక్కుంటూ వస్తారు, దొరికింది బోర్డులో దాచుకుంటారు. అక్కడ పెట్టే బొమ్మ పోస్టును పిన్ అంటారు, ప్రతి పిన్‌కూ వెనక ఒక లింకు పెట్టుకోవచ్చు, నొక్కితే తిన్నగా మీ పేజీకే వస్తుంది. ఫేస్‌బుక్ పోస్టు రెండు మూడు రోజుల్లో అడుగున పడిపోతుంది, పింటరెస్ట్ పిన్ నెలల తర్వాత కూడా వెతుకులాటలో పైకి తేలుతుంది. కుట్టు పని కళ్లతో చూసి నేర్చుకునేది, మీ సైటుకు ఇంతకన్నా సరిపోయే చోటు నాకు కనిపించలేదు. నిలువు బొమ్మ పెట్టండి, వెడల్పు రెండు పాళ్లయితే ఎత్తు మూడు పాళ్లు, అంటే 1000 పిక్సెళ్లకు 1500. బొమ్మ మీద పెద్ద అక్షరాలతో సమస్య రాయండి, "అడుగున దారం ఉండలు కడుతోందా?" అని. పిన్ పేరులోనూ వివరణలోనూ జనం నోటితో ఎలా అంటారో అలాగే రాయండి. "సంరక్షణ" అని ఎవరూ వెతకరు, "మిషన్ కుట్టు పడట్లేదు" అని వెతుకుతారు. ఒక్కో వ్యాసానికి ఒకే పిన్ చేసి ఆపకండి, అదే పేజీకి వేర్వేరు ఫొటోలతో, వేర్వేరు మాటలతో మూడు నాలుగు చేసి వారానికొకటి చొప్పున పెట్టండి. 62 వ్యాసాలున్నాయి మీ దగ్గర, ఒక ఏడాదికి సరిపడా సరుకు సిద్ధంగా ఉంది, కొత్తది రాయకపోయినా ఫరవాలేదు.

ఫేస్‌బుక్ గ్రూపుల సంగతి వేరు. అక్కడ ఓపిక కావాలి. పాత గడియారాల మరమ్మతు మీద నాకూ ఒక చిన్న సైటు ఉండేది, మొదలుపెట్టిన కొత్తలో నాలుగు గ్రూపుల్లో చేరి, చేరిన రోజే నాలుగింటిలోనూ లింకు పెట్టాను. సాయంత్రానికి రెండింటిలోంచి తీసేశారు, మూడోదాంట్లో ఒకాయన "మీరెవరో తెలియదు, మాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా అంగడి తెరిచారు" అని రాశారు. ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది, కానీ ఆయన అన్నది నిజం. ఆ తర్వాత నెలంతా లింకు అన్నదే పెట్టకుండా అడిగినవాళ్లకు జవాబులు మాత్రమే రాశాను. గడియారం వెనుక మూత తెరిచి ఫొటో పెట్టి "ఇది ఏమిటి?" అని అడిగేవాళ్లు, నాకు తెలిసింది ఓపికగా చెప్పేదాన్ని. నెల దాటాక వాళ్లే అడిగారు, ఇవన్నీ ఎక్కడైనా ఒకచోట రాసి పెట్టారా అని. అప్పుడు ఇచ్చిన లింకును ఎవరూ తీయలేదు, గ్రూపు అడ్మినే పైన పిన్ చేసి పెట్టారు.

మీరూ అలాగే చేయండి. కుట్టు గ్రూపుల్లో రెండు మూడింటిలో చేరండి, ముందు నియమాలు చదవండి, లింకులు పెట్టనివ్వని గ్రూపయితే ఎప్పటికీ పెట్టకండి. గ్రూపులో వెతికే పెట్టె ఉంటుంది, అందులో "దారం తెగుతోంది", "సూది విరిగింది", "శబ్దం వస్తోంది" అని కొట్టి చూడండి. జనం అడిగిన మాటలు యథాతథంగా దొరుకుతాయి. అవే మీ తర్వాతి వ్యాసాలకు శీర్షికలు. మీ వ్యాసాల్లో ఒకటి "సూదుల వర్గీకరణ" అని ఉంది, లోపల ఎంతో మంచి సమాచారం ఉంది, 75/11 అంటే పల్చటి గుడ్డకు, 90/14 అంటే కాస్త మందమైన దానికి, ఆ రెండు అంకెలూ ఒకే సైజుకు రెండు పద్ధతుల్లో పెట్టిన పేర్లు అని ఎంత తేటగా చెప్పారో! కానీ ఆ శీర్షిక చూసి ఎవరు లోపలికి వస్తారు? "సూది ప్యాకెట్ మీద 90/14 అంటే ఏమిటి?" అని పెట్టి చూడండి.

ఇక లింకు పంపినప్పుడు కనిపించే పెట్టె గురించి. మీ లింకు నేను వాట్సాప్‌లో నాకే పంపుకుని చూశాను. ఏ వ్యాసం లింకు పంపినా ఒకే బూడిదరంగు పెట్టె, అందులో మీ సైటు లోగో, పక్కన "హోమ్" అని వస్తోంది. లోపల ఉండలు కట్టిన దారం గురించి ఉందో, ఇంకేముందో నొక్కేవాళ్లకు ఎలా తెలుస్తుంది? దీనికి ఓపెన్ గ్రాఫ్ అనే ఏర్పాటు ఉంది, 2010లో ఫేస్‌బుక్ తెచ్చింది, ఇప్పుడు వాట్సాప్, లింక్డిన్, టెలిగ్రామ్ అన్నీ దాన్నే చదువుతాయి. పేజీ కోడ్ తల భాగంలో ఓజీ టైటిల్, ఓజీ డిస్క్రిప్షన్, ఓజీ ఇమేజ్ అని మూడు ట్యాగులు ఉంటే లింకు పెట్టెలో ఏ పేరు, ఏ వివరణ, ఏ బొమ్మ రావాలో మీరే నిర్ణయించవచ్చు. మీ సైటు వర్డ్‌ప్రెస్‌లో ఉంది కాబట్టి కోడ్ ముట్టుకోనక్కర్లేదు, యోస్ట్ లాంటి ప్లగిన్ (సైటుకు అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రామ్) పెట్టుకుంటే ప్రతి వ్యాసం కింద ఈ మూడింటికీ గళ్లు వస్తాయి, నింపుకోవడమే. బొమ్మ 1200 పిక్సెళ్ల వెడల్పు, 630 ఎత్తు ఉంటే ఎక్కడా తెగకుండా కనిపిస్తుంది. మార్చాక కూడా ఫేస్‌బుక్‌లో పాత బొమ్మే వస్తుంటే కంగారుపడకండి, అది పాతదాన్ని దాచుకుని చూపిస్తుంది, వాళ్లదే షేరింగ్ డీబగ్గర్ అనే పేజీ ఉంది, అందులో మీ లింకు పెట్టి మళ్లీ చదవమని నొక్కితే కొత్తది తీసుకుంటుంది. ఈ పని ఒక్కటీ మిగతా అన్నింటికన్నా ముందు చేయండి, మీరు పెట్టే లింకుకే కాదు, ఎవరో మీకు తెలియని మనిషి ఇంకెవరికో పంపే లింకుకు కూడా ఇదే ముఖం.

వాట్సాప్‌లో ఒక చిన్న చిక్కుంది. అక్కడ జనం లింకుల కన్నా ఫొటోలను ఎక్కువ ఫార్వర్డ్ చేస్తారు, ఫొటో ఒక్కటే వెళ్తుంది, దానితో పాటు మీ పేరు వెళ్లదు. అందుకని దారం ఎక్కించే వరుస చూపించే బొమ్మల్లో మూలన చిన్నగా, చదవగలిగేలా, సైటు అడ్రసు రాసి పెట్టండి. అడ్డంగా పెద్ద వాటర్‌మార్క్ వేయకండి, బొమ్మ పాడవుతుంది.

సరే, వచ్చారు. వచ్చినవాళ్లకు ఏం కనిపిస్తోంది? మీ పేజీని మీరు కంప్యూటర్‌లో చూసుకుంటున్నట్టున్నారు. నేను ఫోన్‌లో, ఫేస్‌బుక్ లోపలే తెరుచుకునే బ్రౌజర్‌లో చూశాను. ముందు ఫొటో రావడానికే చాలాసేపు పట్టింది, ఫోన్ కెమెరాలో తీసిన ఫొటోను అలాగే ఎక్కించారు, దాన్ని వెడల్పు తగ్గించి వెబ్‌పీ ఫార్మాట్‌లో పెడితే బరువు ఎన్నో వంతులు తగ్గుతుంది, కంటికి తేడా తెలియదు. అది రాగానే "సబ్‌స్క్రైబ్ చేయండి" అని ఒక పెట్టె తెరంతా కమ్మేసింది, దాన్ని మూసే గుర్తు ఫోన్‌లో తెర బయటికి పోయింది, నేను వెనక్కి వచ్చేయాల్సి వచ్చింది. మీ దగ్గరికి వచ్చిన ఆ పది పదిహేను మందిలో ఎంతమంది ఇలా వెనక్కి పోయారో. ఆ పెట్టె ఇవాళే తీసేయండి. వ్యాసం మొదట్లో కుట్టు మిషన్ చరిత్ర మీద ఉన్న మూడు పేరాలు కూడా చివరికి జరపండి, చేతిలో చిక్కుపడ్డ గుడ్డ పట్టుకుని వచ్చిన మనిషికి ముందు పరిష్కారం కనపడాలి. చివర్లో "దారం సరిపోయింది, అయినా కుట్లు తప్పుతున్నాయా?" అని దానికి దగ్గరి వ్యాసానికి ఒక దారి ఇవ్వండి.

ఎక్కడి నుంచి ఎవరు వస్తున్నారో తెలియకపోతే మళ్లీ చీకట్లో తడుముకోవడమే. మీ గణాంకాల్లో "డైరెక్ట్" అని ఎక్కువ కనిపిస్తోందని రాశారు, వాళ్లంతా అడ్రసు గుర్తుపెట్టుకుని టైప్ చేసి వచ్చినవాళ్లని అనుకోకండి. వాట్సాప్ సందేశాల్లోంచి, ఈమెయిళ్లలోంచి వచ్చేవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో బ్రౌజర్ చాలాసార్లు చెప్పదు, అందుకని గణాంకాలు చూపించే సాధనం అందరినీ ఆ గంపలోనే వేస్తుంది. దీనికి డార్క్ సోషల్ అనే పేరు 2012 నుంచి వాడుకలో ఉంది. మీరు స్వయంగా పెట్టే లింకులకు మాత్రం యూటీఎం గుర్తులు (ఎక్కడి నుంచి వచ్చారో చెప్పేలా లింకు చివర చేర్చే మాటలు) తగిలించవచ్చు, సోర్స్ దగ్గర వేదిక పేరు, మీడియం దగ్గర సోషల్ అని, క్యాంపెయిన్ దగ్గర ఆ వ్యాసం పేరు. ఎప్పుడూ చిన్న అక్షరాలే వాడండి, గూగుల్ అనలిటిక్స్‌కు పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు, ఒకే వేదిక రెండు పేర్లతో విడిపోతుంది. రెండు నెలల తర్వాత అందులోనే ట్రాఫిక్ అక్విజిషన్ (ఎక్కడి నుంచి వచ్చారో చూపే) నివేదిక తెరిచి, వచ్చినవాళ్ల సంఖ్య ఒక్కటే కాకుండా పేజీ మీద ఎంతసేపు ఉన్నారో కూడా చూడండి. పింటరెస్ట్ నుంచి తక్కువ మందే వచ్చినా పూర్తిగా చదివి రెండో పేజీకి వెళ్తుంటే, నేను దానికే ఎక్కువ టైమ్ ఇస్తాను.

ఫాలోవర్లను కొనే మాట మీ దగ్గర ఎవరెత్తినా అక్కడే తుంచేయండి. ఏ వేదికా దాన్ని ఒప్పుకోదు, ఖాతా పోయే ప్రమాదం ఉంది, పైగా ఆ కొన్న పేర్లలో కుట్టు మిషన్ ముందు కూర్చునేవాళ్లు ఎవరూ ఉండరు. డబ్బు పెట్టి ప్రకటన ఇవ్వడం తప్పేమీ కాదు, కానీ ఇప్పుడే వద్దు. ఏ పోస్టయితే డబ్బు పెట్టకుండానే జనాన్ని సైటుకు తెచ్చిందో, ఆ పోస్టుకే తర్వాత కొంచెం పెట్టి చూడండి, అప్పుడు కూడా లైకుల కోసం ఉండే రకం ఎంచుకోకుండా, పేజీ తెరుచుకునేదాకా వచ్చినవాళ్లను లెక్కించే రకం ఎంచుకోండి.

ఒకసారి వచ్చి మేలు పొందినవాళ్లను వదిలేయకండి. ఒకప్పుడు వెలిగిన సోషల్ మీడియా వేదికలే చూడండి, ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది, వైన్ 2017 జనవరిలో, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2న. అక్కడ సంవత్సరాల తరబడి జనాన్ని పోగేసుకున్నవాళ్లకు అందరితో సంబంధం తెగిపోయింది. ఈమెయిల్ జాబితా ఒక్కటే మీ చేతిలో ఉండేది, ఏ వేదిక మూసినా అది మీతో వస్తుంది. తెరను కమ్మేసే పెట్టె తీసేయమన్నాను కదా, దాని బదులు వ్యాసం పూర్తయ్యాక కింద ఒక వాక్యం పెట్టండి, "నెలకొకసారి ఒక మిషన్ సమస్య, దాని పరిష్కారం మీ ఈమెయిల్‌కు పంపుతాను" అని. మాటిచ్చినట్టే నెలకొకటే పంపండి.

ఈ వారం మొత్తం సైటు ముందేసుకుని కూర్చోకండి. దారం ఉండలు కట్టే ఆ ఒక్క వ్యాసం తీసుకోండి, పేరు మార్చండి, ఫొటోల బరువు తగ్గించండి, లింకు పెట్టెలో ఆ చిక్కుపడ్డ గుడ్డ బొమ్మ వచ్చేలా చేయండి, మూడు పిన్‌లు చేయండి, గ్రూపులో ఇదే సమస్య అడిగిన ముగ్గురికి లింకు లేకుండా జవాబు రాయండి. ఆ మార్చిన పేజీ అడ్రసు నాకు పంపితే మళ్లీ ఫోన్‌లో తెరిచి చూసి ఎలా ఉందో రాస్తాను.